ద్రాస్ యాత్ర: పీస్ స్టేషన్ల సిపాయి చూసిన కార్గిల్ స్మారకం

నేను ఆర్మీ సిగ్నల్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. 1999లో కార్గిల్ యుద్ధం జరిగేనాటికి ఇంకా బడిలో ఉన్నాను. నా పోస్టింగులన్నీ పీస్ స్టేషన్లే, అంటే సరిహద్దు పోరుకి దూరంగా ఉండే కంటోన్మెంట్లే. అందుకే పెన్షన్ మొదలయ్యాక ముందుగా చూడాలనుకున్న ఊరు, లద్దాఖ్‌లో కార్గిల్ యుద్ధ స్మారకం ఉన్న ద్రాస్.

శ్రీనగర్ నుంచి ద్రాస్ దాదాపు 140 కిలోమీటర్లు. సోన్‌మార్గ్‌లో రాత్రి ఆగి, తెల్లారకముందే జోజిలా ఎక్కడం మేలు. కనుమ దారి ఇరుకు, లారీలు అడ్డం పడితే గంటలు పోతాయి. షేర్ సుమోలో ఖర్చు తక్కువే కానీ నడుములు పట్టేస్తాయి. పెద్దవాళ్లుంటే సొంతంగా బండి మాట్లాడుకోండి.

బసకి చాలామంది కార్గిల్ దాకా వెళ్లిపోతారు. అక్కడ గదులు బాగుంటాయి, వేడినీళ్లకు లోటుండదు. నేను మాత్రం ద్రాస్‌లోనే ఉండమంటాను. మా గెస్ట్‌హౌస్‌లో రాత్రంతా కరెంటు లేదు, దుప్పట్లు సరిపోలేదు. అయినా పొద్దున్నే, టూరిస్టు బస్సులు రాకముందే స్మారకం దగ్గరికి చేరగలిగాను.

గులాబీ రంగు ఇసుకరాయి గోడ, దాని మీద ఇత్తడి పలకలో అమరుల పేర్లు. వెనకాలే తోలోలింగ్ కొండ. ఫొటోల్లో చూస్తే ఆ కొండ ఏటవాలు తెలియదు. దాక్కోవడానికి చెట్టు లేదు, పొద లేదు, అంతా బోడి రాళ్లే. పైన శత్రువు కూర్చుని ఉండగా మన జవాన్లు రాత్రిపూట ఎక్కారు. జూన్ 13న 2వ రాజ్‌పుతానా రైఫిల్స్ దాన్ని గెలిచింది. మన హైదరాబాద్‌లో పెరిగిన మేజర్ పద్మపాణి ఆచార్యదీ ఆ బెటాలియనే. జూన్ 28న అమరుడయ్యారు, మహావీర చక్ర వచ్చింది. ఆ యుద్ధంలో మొత్తం 527 మంది ప్రాణాలిచ్చారు.

అక్కడ ఒక రిటైర్డ్ సుబేదార్ సాబ్ మనవడికి కొండ చూపిస్తున్నారు. నన్ను నేను పరిచయం చేసుకుంటే, ఆ ఎక్కుడు గురించి చెప్పారు: రొట్టెలు తగ్గించుకుని, ఆ బరువుకి తూటాలు నింపుకున్నారట. చెబుతూ చెబుతూ గోడ మీద ఒక పేరు దగ్గర చెయ్యి పెట్టి ఆగిపోయారు. ఆయనదీ నాదీ ఒకటే ప్రమాణం. నేను పండగలకి సెలవు పెట్టి ఇంటికి రాగలిగానంటే, సరిహద్దుని ఆయన తరం అలా నిలబెట్టి ఇచ్చింది కాబట్టే. అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ చేశాను. చెప్పాలనుకున్న మాట గొంతులోనే ఉండిపోయింది, అందుకే ఇక్కడ రాస్తున్నాను: మీకు రుణపడి ఉన్నాను సాబ్.

లోపల జవాన్లు యుద్ధం జరిగిన తీరు వివరిస్తారు, తప్పక వినండి. ఆ యుద్ధంలో అమరుడై పరమవీర చక్ర పొందిన కెప్టెన్ మనోజ్ పాండే పేరిట ఉన్న గ్యాలరీకి తీరిగ్గా టైమివ్వండి. గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. పదివేల అడుగులు దాటిన ఎత్తు కాబట్టి గుండె, ఆయాసం సమస్యలున్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా బయల్దేరొద్దు. వాళ్లకి ఢిల్లీలో ఇండియా గేట్ పక్కన 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం ఉంది. సాయంత్రం వెళితే అమరుల కుటుంబసభ్యులు పుష్పగుచ్ఛం ఉంచే కార్యక్రమం చూడొచ్చు.