ఎస్టోనియాలో ఏ బ్యాంకు మేలు: స్వీడన్ వాళ్లదా, సొంత గడ్డదా?

టాలిన్‌కో తార్తుకో చదువుకోవడానికి వచ్చి, ఉద్యోగం దొరికాక అక్కడే స్థిరపడే మన పిల్లలకు ముందుగా తేల్చుకోవాల్సిన విషయాల్లో ఇదొకటి. జీతం ఖాతా ఎక్కడ తెరవాలి? రేపు ఇల్లు కొంటే లోను ఎవరి దగ్గర తీసుకోవాలి? ఎస్టోనియా జనాభా 13 లక్షల పైచిలుకు. అంత చిన్న దేశంలో బ్యాంకు లోన్లలో సగానికి పైగా స్వెడ్‌బ్యాంక్, ఎస్‌ఈబీ అనే రెండు స్వీడన్ సంస్థల చేతిలోనే ఉన్నాయి. మరోపక్క ఎల్‌హెచ్‌వీ, కోప్ పాంక్ లాంటి స్థానిక బ్యాంకులు. యాప్‌లో, కార్డులో పెద్ద తేడా ఉండదు కాబట్టి ఏదైనా ఒకటే అనుకుంటారు చాలామంది. నేను ఒప్పుకోను. నష్టం వచ్చిన రోజు దాన్ని ఎవరు మోస్తారన్నది చూడాలి. అది తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లక తప్పదు.

1992 జూన్‌లో ఎస్టోనియా తన సొంత కరెన్సీ క్రూన్‌ను తెచ్చి, ఒక జర్మన్ మార్కుకు ఎనిమిది క్రూన్లని కట్టేసింది. విదేశీ నిల్వలు ఎంతుంటే అంత డబ్బే ముద్రించాలన్నది నియమం. ద్రవ్యోల్బణం అదుపులోకి వచ్చింది కానీ, కష్టాల్లో పడ్డ బ్యాంకుకు అప్పిచ్చి ఆదుకునే శక్తి కేంద్ర బ్యాంకుకు దాదాపు లేకుండా పోయింది. ఆ ఏడాదే తార్తు కమర్షియల్ బ్యాంకు మూతపడింది. 1997 చివర్లో షేర్ మార్కెట్ కూలాక, మరుసటేడు మాపాంక్ అనే బ్యాంకు దివాలా తీసింది. మిగిలినవాళ్లకు వెనక ఒక పెద్ద దిక్కు కావాల్సి వచ్చింది. 1998లో ఎస్టోనియా బ్యాంకు హన్సాపాంక్‌లో ఒక స్వీడన్ బ్యాంకు వాటా కొంది, 2005కల్లా మొత్తం తీసేసుకుంది. అదే ఇప్పటి స్వెడ్‌బ్యాంక్. ఇంకో బ్యాంకు యూహిస్‌పాంక్ ఎస్‌ఈబీ చేతికి వెళ్లింది.

అది మంచిదయిందా అంటే 2008 తర్వాత ఏం జరిగిందో చూడండి. 2009లో ఎస్టోనియా జీడీపీ 14 శాతానికి పైగా పడిపోయింది. 2010 మొదట్లో నిరుద్యోగం దాదాపు 20 శాతం. అంత దెబ్బ తగిలినా అక్కడి ప్రభుత్వం ఏ బ్యాంకునూ ఆదుకోవాల్సిన పని పడలేదు. మొండి బాకీల నష్టం స్టాక్‌హోమ్‌లోని మాతృ సంస్థలు మోశాయి. స్వెడ్‌బ్యాంక్ తన వాటాదారుల దగ్గర రెండుసార్లు కొత్త మూలధనం సేకరించింది. పక్కనే ఉన్న లాట్వియాలో కథ వేరు. అక్కడి పెద్ద స్థానిక బ్యాంకు పారెక్స్ 2008 నవంబర్‌లో ప్రభుత్వం నెత్తిన పడింది. దేశం ఐఎంఎఫ్, యూరోపియన్ యూనియన్ వగైరాల దగ్గర 750 కోట్ల యూరోల సాయానికి చేయి చాచింది, ఉద్యోగుల జీతాలు కోసింది. సొంత బ్యాంకులు దేశ జీడీపీకి దాదాపు పది రెట్లు పెరిగి ఒకే వారంలో కుప్పకూలిన ఐస్‌లాండ్ సంగతి సరేసరి.

కాబట్టి ఆ రోజుకి స్వీడన్ వాళ్లే మేలు. కానీ ఇది సగం మాటే. ఆ మంట రాజేసింది కూడా ఆ బ్యాంకులే. 2004 నుంచి 2007 వరకు స్టాక్‌హోమ్ నుంచి చౌకగా డబ్బు తెచ్చి ఇళ్ల లోన్లు పంచిపెట్టారు. జీతం క్రూన్లలో, అప్పు యూరోల్లో. టాలిన్‌లో ఫ్లాట్ల ధరలు ఆకాశానికెక్కి అంతే వేగంగా పడ్డాయి. స్వీడన్‌లోని యాజమాన్యానికి ఎస్టోనియా మొత్తం వ్యాపారంలో చిన్న ముక్క. ఎస్టోనియాలో ఇల్లు కొన్నవాడికి అదే బతుకు.

దూరపు యాజమాన్యం ఎంత ప్రమాదమో అందరికంటే గట్టిగా చూపింది మాత్రం డెన్మార్క్ బ్యాంకు డాన్స్కే. 2007లో ఫిన్లాండ్ బ్యాంకు సాంపోను కొన్నప్పుడు టాలిన్‌లోని దాని సంస్థ కూడా దానితోపాటే వచ్చింది. మరుసటేడు దాన్ని బ్రాంచిగా మార్చారు. దాని కంప్యూటర్ వ్యవస్థను కోపెన్‌హాగన్‌తో కలపడానికి ఖర్చెక్కువని మానేశారు. చాలా కాగితాలు ఎస్టోనియన్‌లో, రష్యన్‌లో ఉండిపోయాయి. పైవాళ్లు చూడాలనుకున్నా చూడలేని పరిస్థితి. 2007 నుంచి 2015 వరకు విదేశీ ఖాతాదారుల పేరిట దాదాపు 20,000 కోట్ల యూరోలు అక్కడి నుంచి ప్రవహించాయి, అందులో చాలా భాగం అనుమానాస్పదమే. 2018లో డాన్స్కే సీఈఓ రాజీనామా చేశాడు, 2019లో ఎస్టోనియా నియంత్రణ సంస్థ ఆ బ్రాంచిని మూసేయమంది. తర్వాతి ఏడాది స్వీడన్ నియంత్రణ సంస్థ స్వెడ్‌బ్యాంక్‌కు 400 కోట్ల స్వీడన్ క్రోనర్లు, ఎస్‌ఈబీకి 100 కోట్ల క్రోనర్లు జరిమానా వేసింది, బాల్టిక్ దేశాల్లో మనీ లాండరింగ్ మీద సరిగా కన్నేయలేదని. ఇక్కడ గమనించాల్సిన తేడా ఒకటుంది. బ్రాంచికి ప్రధాన పర్యవేక్షణ సొంత దేశంలో ఉంటుంది. స్వెడ్‌బ్యాంక్, ఎస్‌ఈబీ ఎస్టోనియాలో అనుబంధ సంస్థలు. అంటే అక్కడి మూలధనం, అక్కడి లైసెన్సు. ఖాతా తెరిచే ముందు ఈ ఒక్కటి అడిగి తెలుసుకోవడం మేలు.

ఇప్పుడు సొంత గడ్డ బ్యాంకులు. ఎల్‌హెచ్‌వీ 1999లో పెట్టుబడుల సంస్థగా మొదలై 2009లో బ్యాంకు లైసెన్సు తెచ్చుకుంది. దేశం మాంద్యంలో కూరుకుపోయిన ఏడాది అది! 2016లో టాలిన్ స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్టయింది, మామూలు జనం షేర్లు కొనుక్కున్నారు. కోప్ పాంక్ 2017లో ఒక కిరాణా సహకార సంస్థ కొన్న పాత బ్యాంకు నుంచి పుట్టింది. దాని ఖాతాదారులు పల్లెల్లోని కోప్ దుకాణంలో పాలు, రొట్టె కొని, అదే కౌంటర్లో నగదు తీసుకోవచ్చు. పల్లెలో ఉండే పెద్దవాళ్లకు అది ఎంత పెద్ద ఊరటో వేరే చెప్పాలా?

వెనక విదేశీ పెద్ద దిక్కు ఉండాలన్న 1998 నాటి వాదన ఇప్పుడు చెల్లదనే నా అభిప్రాయం. 2011 జనవరి 1న ఎస్టోనియా యూరోలో చేరింది. బ్యాంకులకు కష్టం వస్తే అప్పివ్వడానికి ఇప్పుడు యూరో దేశాల కేంద్ర బ్యాంకుల వ్యవస్థ ఉంది. యూరో లేని స్వీడన్ నుంచి వచ్చిన మాతృ సంస్థ మీదే ఆధారపడాల్సిన అవసరం మునుపటిలా లేదు. పైగా డిపాజిట్‌కు లక్ష యూరోల వరకు హామీ అన్ని స్థానిక లైసెన్సు బ్యాంకులకూ ఒకటే. లాగిన్ కూడా ఒకటే. ఫోన్‌లో గుర్తింపు చూపే స్మార్ట్-ఐడీ యాప్‌లో లోపలికి వెళ్లడానికి నాలుగంకెల పిన్, సంతకానికి ఐదంకెల పిన్. దాని వెనకున్న సంస్థను 2001లో పెట్టింది రెండు పెద్ద బ్యాంకులూ టెలికం కంపెనీలూ కలిసే.

అసలు తేడా ఇంటి లోనులో తెలుస్తుంది. అక్కడ లోన్ల వడ్డీని ఎక్కువగా ఆరు నెలల యూరిబోర్‌కు (యూరో బ్యాంకులు ఒకదానికొకటి అప్పిచ్చుకునే వడ్డీ రేటుకు) బ్యాంకు తన వంతుగా వేసుకునే మార్జిన్ కలిపి లెక్కగడతారు. లక్ష యూరోలు 30 ఏళ్లకు 2 శాతం చొప్పున నెలకు సుమారు 370 యూరోలు. 6 శాతమైతే 600. 2022, 2023లో యూరిబోర్ సున్నా కింద నుంచి 4 శాతం దాటేసరికి ఎంతోమందికి ఈ టెన్షన్ స్వయంగా తెలిసింది. పెరిగిన వడ్డీతో బ్యాంకులకు లాభాల పంట పండింది. లిథువేనియా అలాంటి లాభంపై ప్రత్యేక పన్ను వేసింది. ఎస్టోనియా అది వేయకుండా బ్యాంకులు ముందుగా కట్టే లాభపన్నును మాత్రం 2025 నుంచి 14 శాతం నుంచి 18కి పెంచింది. యూరిబోర్ ఎవరి చేతిలోనూ లేదు, బేరమాడగలిగేది మార్జిన్ ఒక్కటే. స్థానిక బ్యాంకులు లేకపోతే ఆ బేరం ఎక్కువగా రెండు పెద్ద బ్యాంకుల మధ్యే నడుస్తుంది.

నన్నడిగితే జీతం ఖాతా, పొదుపు ఎల్‌హెచ్‌వీలో పెట్టమంటాను. పొదుపు లక్ష యూరోలు దాటితే మిగతాది వేరే బ్యాంకులో. ఇంటి లోనుకు మాత్రం స్వెడ్‌బ్యాంక్, ఎస్‌ఈబీ, ఎల్‌హెచ్‌వీ, కోప్ నాలుగింటి నుంచీ ఆఫర్లు రాతపూర్వకంగా తెప్పించుకుని, ఒకరిది ఇంకొకరికి చూపించి మార్జిన్ తగ్గించమని అడగండి. ఆఫర్ లెటర్లో యూరిబోర్ ఏ తేదీన మారుతుందో, అది సున్నా కిందకు పోతే ఎలా లెక్కిస్తారో కూడా చూసుకోండి.