ఇల్లు అమ్మేముందు ధర ఎవర్ని అడగాలి? ఆన్‌లైన్ సైటునా, బెంచ్‌మార్కునా, దలాలునా, వేల్యూయర్నా?

ఒడిశాలోని బరంపురం పాత ఊళ్లో మా నాన్నగారు కట్టిన ఇల్లు నిరుడు అమ్మేశాం. అమ్మకానికి ముందు నాలుగు చోట్ల ధర అడిగితే అన్నిటికంటే తక్కువగా 38 లక్షలు, ఎక్కువగా 72 లక్షలు అన్నారు. ఇల్లు ఒకటే, గోడలు అవే. ఎవరి మాట నమ్మాలో తెలియక అమ్మ రెండు నెలలు సరిగ్గా నిద్రపోలేదు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఇల్లు అమ్ముకుందామనుకునే మనవాళ్లు చాలామందికి ఇదే టెన్షన్. ఏ ధర దేనికి పనికొస్తుందో మాకు అనుభవం మీద తెలిసింది, అది మీకు ముందే తెలియాలని రాస్తున్నాను.

మొదట ఆన్‌లైన్ సంగతి. తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు. ఒక రాత్రి వీడియో కాల్‌లో ఇళ్ల సైటు ఒకటి తెరిచి, "అక్కా, మన జాగా ఎంత?" అన్నాడు. నాన్న ఎప్పుడూ అనే మాటే చెప్పాను: గుంఠంబావు, అంటే ఒకటింబావు గుంఠ. వాడు టైపు చేస్తే 45 లక్షలు వచ్చింది. నాకెందుకో అనుమానం వచ్చి బీరువాలోంచి పట్టా తీశాను. అందులో 5 డిసిమిల్ అని ఉంది. డిసిమిల్ అంటే మన ఇచ్ఛాపురం వైపు వాళ్లు చెప్పే సెంటే, 435.6 చదరపు అడుగులు. ఐదు డిసిమిల్ అంటే 2,178 అడుగులు, గజాల్లో 242. సైటు మాత్రం 1,361 అడుగులే లెక్కగట్టింది.

తప్పు ఎక్కడుందో మర్నాడు దొరికింది. మహారాష్ట్రలో, తెలంగాణలో ఎకరానికి 40 గుంఠలు, గుంఠకు 1,089 అడుగులు. ఒడిశాలో ఎకరానికి 25 గుంఠలే, అంటే గుంఠకు నాలుగు డిసిమిల్, 1,742 అడుగుల పైచిలుకు. సైటుకి తెలిసిన గుంఠ ఒకటి, మా నాన్న చెప్పిన గుంఠ ఇంకొకటి. తమ్ముడు అడుగుల్లో సరిచేసి మళ్లీ కొట్టగానే 45 లక్షలు కాస్తా 72 లక్షలైంది. మీరు ఏ సైటులోనైనా గుంఠల్లో లెక్క ఇవ్వకండి. పట్టా చూసి, డిసిమిల్‌ని 435.6తో హెచ్చవేసి అడుగులే ఇవ్వండి. మహారాష్ట్ర సరిహద్దున ఉండేవాళ్లకు ఈ చిక్కు రాదు, ఒడిశా పట్టా ఉన్నవాళ్లకు తప్పకుండా వస్తుంది.

సరే, కొలత సరిపోయింది. మరి 72 సరైనదేనా? కాదు. అడుగుకి సుమారు 3,300 చొప్పున వేసింది ఆ సైటు. ఆ రేటు ఊరి అంచున కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ల ప్రకటనల్లోంచి వచ్చింది. అంటే ఫ్లాట్ల కట్టుబడి రేటును తెచ్చి మా నేల విస్తీర్ణానికి తగిలించింది. పైగా ప్రకటనలో ఉండేది అమ్మేవాళ్లు అడిగే ధర, చివరికి కుదిరిన ధర కాదు. బేరం కుదరని ఇంటి ప్రకటన నెలల తరబడి అలాగే పడి ఉంటుంది, లెక్కలోకీ వస్తుంది.

ఈ రకం లెక్కకు పేరు తెచ్చింది అమెరికాలోని జిల్లో కంపెనీ. 2006 నుంచి అక్కడ ఇంటింటికీ అంచనా ధర చూపిస్తోంది. అమ్మకానికి పెట్టిన ఇళ్ల విషయంలో తన అంచనాకూ అసలు ధరకూ తేడా సుమారు 2 శాతమనీ, పెట్టని ఇళ్లకు సుమారు 7 శాతమనీ ఆ కంపెనీయే చెబుతుంది. ఇది మధ్య లెక్క, సగం ఇళ్లకు తేడా ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. అమ్మకానికి పెట్టగానే తేడా ఎందుకు తగ్గుతుందంటే, యజమాని అడిగిన ధర కూడా లెక్కలోకి చేరుతుంది. మనం చెప్పిందే మనకు తిరిగి చెబుతుందన్నమాట. ఇంకా అమ్మకానికి పెట్టకముందు మనకు కావలసింది రెండో రకం అంచనా, అది మొదటిదానంత గట్టిది కాదు. ఆ కంపెనీ అప్పటి అధిపతి స్పెన్సర్ రాస్కాఫ్ 2016లో సియాటిల్‌లో తన సొంత ఇంటిని సుమారు పదిన్నర లక్షల డాలర్లకు అమ్మితే, వాళ్ల సైటే ఆ ఇంటికి పదిహేడు లక్షల పైన చూపించింది. సొంతంగా ఇళ్లు కొని అమ్మే వ్యాపారం కూడా పెట్టారు. ధరలు ముందుగా అంచనా కట్టడం కుదరక 2021 నవంబరులో దాన్ని మూసేస్తున్నామని చెప్పారు.

అక్కడ చాలా రాష్ట్రాల్లో ఇల్లు ఎంతకు అమ్ముడుపోయిందో బహిరంగంగా తెలుస్తుంది. అంత సమాచారం ఉన్నచోటే ఇలా ఉంటే, ఇక్కడి సంగతి చెప్పాలా? మన దగ్గర దస్తావేజులో రాసే ధరకూ చేతులు మారిన ధరకూ చాలాసార్లు పొంతన ఉండదు. ఆ తప్పు అంకెల మీద ఎంత గొప్ప లెక్క కట్టినా సరైన జవాబు రాదు.

ఇంకో సంగతి, సైటుకి మా పడమటి గోడ కనపడదు. పాత ఊరి వీధుల్లో ఇళ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని సన్నగా, పొడవుగా ఉంటాయి. మాకూ పక్కింటికీ ఉమ్మడి గోడ. ఇల్లు చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ ఆ గోడమీద చెయ్యి వేసి, "ఇది ఎవరిది?" అనే అడిగారు. తరువాతి ప్రశ్న, "ఫైలిన్‌కి ఏమైంది?" 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఆ తుఫానుని ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. పర్లాకిమిడి వైపైతే 2018 నాటి తిత్లీ గురించి అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలకు చెప్పే జవాబు మీద లక్షలు అటూ ఇటూ అవుతాయి. సైటు ఈ రెండూ అడగదు.

అలాగని అది ఎందుకూ పనికిరాదని అనను. ఒకే కాంప్లెక్సులో ఒకేలాంటి ఫ్లాట్లు పదుల సంఖ్యలో ఉన్నచోట, భువనేశ్వర్‌లాంటి ఊళ్లో ఫ్లాటుకి, అంచనా చాలావరకు దగ్గరగా వస్తుంది. పాత ఇంటికీ, సొంత జాగాలో కట్టిన ఇంటికీ మాత్రం దాన్ని పట్టుకుని బేరానికి కూర్చోవద్దు.

ఇక సర్కారు రేటు. ఒడిశాలో దీన్ని బెంచ్‌మార్క్ వాల్యూ అంటారు, మహారాష్ట్రలో రెడీ రెకనర్. రిజిస్ట్రేషన్ శాఖ సైటులో జిల్లా, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, మౌజా (రెవెన్యూ గ్రామం) ఎంచుకుంటే ఉచితంగా కనిపిస్తుంది. మాకు నేల డిసిమిల్‌కి 6 లక్షల చొప్పున 30, కట్టడానికి 8, మొత్తం 38 లక్షలు వచ్చింది. ఇది అమ్మే ధర కాదు, స్టాంపు డ్యూటీ వేయడానికి పెట్టుకున్న కనీస లెక్క. అయినా అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదేనంటాను, ఎందుకంటే పన్ను చిక్కంతా దీంతోనే ఉంది. మీరు అమ్మిన ధర కన్నా బెంచ్‌మార్క్ 10 శాతానికి మించి ఎక్కువుంటే, ఆదాయపు పన్నువాళ్లు బెంచ్‌మార్క్ ధరకే అమ్మినట్టు లెక్క కడతారు. ఉదాహరణకు బెంచ్‌మార్క్ 50 లక్షలున్న ఇంటిని 46కి అమ్మితే ఇబ్బంది లేదు. 44కి అమ్మితే 50 చేతికొచ్చినట్టే పన్ను వేస్తారు, కొన్నవాళ్లకూ ఆ తేడా మీద పన్ను పడుతుంది. కొత్త రోడ్డు పడిన చోట్ల బెంచ్‌మార్క్ అసలు ధరని దాటిపోయే సందర్భాలూ ఉంటాయి. అలాంటప్పుడు డిపార్ట్‌మెంటు వేల్యుయేషన్ ఆఫీసర్‌కి పంపమని అడిగే హక్కు మనకుంది.

పట్టా చేతిలో ఉండగానే కిసం, అంటే భూమి రకం, కూడా చూసుకోండి. ఘరబారి (ఇంటి జాగా) అని ఉంటే మంచిది. శారద అని ఉంటే అది ఇంకా పంట భూమే, మీద మేడ ఉన్నా సరే. ఇంటి జాగాగా మార్పిడి చేయించని నేల మీద ఇంటికి బ్యాంకు లోను రావడం కష్టం, లోను రాకపోతే ధర పడిపోతుంది. రాయగడ, కోరాపుట్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతాలు, గజపతిలో కొంత భాగమూ అంతే. 1956 నాటి రెగ్యులేషన్ 2 ప్రకారం అక్కడ గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనకూడదు. కొనడానికి ఎవరికి అర్హత ఉందో తెలియకుండా కట్టిన ధరకు అర్థం లేదు, ఏ సైటూ ఇది లెక్కలోకి తీసుకోదు.

దలాలు 42 అన్నాడు. "అమ్మా, పార్టీ రెడీగా ఉంది, ఈ వారమే బయానా ఇప్పిస్తాను" అన్నాడు. ఊరి గురించి అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు, అది ఒప్పుకోవాలి. ఏ సందులోకి కారు దూరుతుందో, ఎవరింటి మీద కోర్టు కేసుందో నోటికి చెప్పాడు. కానీ అతనికి మన ఇల్లు నాలుగు లక్షలు ఎక్కువకి పోవడం కన్నా నాలుగు నెలలు ముందుగా పోవడం లాభం. అందుకే దలాలుని "మా ఇంటికెంత వస్తుంది?" అని అడగకండి. "ఈ ఏడాది ఈ వీధిలో మీరు ఏ ఇల్లు, ఎంతకి అమ్మించారు?" అని అడగండి. ఆ జవాబుని ఇంకొకరి దగ్గర సరిచూసుకోండి. నేను వెనక వీధి పిన్నిగారింటికి మూడుసార్లు వెళ్లాను. మూడోసారి కాఫీ తాగుతుండగా, వాళ్ల మరిదిగారి జాగా డిసిమిల్ ఎనిమిదిన్నర లక్షలకి పోయిందని చెప్పారు. నాకు దొరికిన అంకెలన్నిటిలో విలువైనది అదే.

చివరికి రిజిస్టర్డ్ వేల్యూయర్ని, అంటే ఇంటి విలువ కట్టే ఆయన్ని, పిలిచాం. కొన్ని వేలు ఫీజు. అమ్మ మొదట దండగ అంది. ఆయన టేపుతో ప్రతి గదీ కొలిచి, చిన్న సుత్తితో పెరటి గోడ పొడుగునా కొడుతూ పోయాడు. ఒకచోట డొల్ల శబ్దం వచ్చింది, గోరుతో గీకితే సున్నం రాలింది. మేడ మెట్ల కింద స్లాబు పెచ్చులూడి ఊచ తుప్పు కనపడుతోంది, ఫోటో తీసుకున్నాడు. లెక్క ఇలా కట్టాడు: నేల డిసిమిల్ 8 లక్షల చొప్పున 40 లక్షలు. కట్టడం 1,100 అడుగులు, ఇవాళ కొత్తగా కట్టాలంటే అడుగుకి 1,500 చొప్పున 16 లక్షల 50 వేలు. స్లాబు ఇంటికి 60 ఏళ్ల ఆయుష్షు వేసుకుంటే 30 ఏళ్లు గడిచాయి కాబట్టి అందులో సగం, 8 లక్షల 25 వేలు. మొత్తం 48 లక్షల 25 వేలు. ప్రతి అంకె పక్కనా అదెందుకో రాసి ఉంది, కాదనాలంటే ఏ అంకెని కాదనాలో మనకు తెలుస్తుంది. మిగతా మూడింటిలో ఆ వీలు లేదు.

దీన్నే నేను మేలనడానికి ఇంకో కారణం ఉంది. కొనేవాళ్లు లోను తీసుకుంటే బ్యాంకు కూడా ఇలాంటి వేల్యూయర్నే పంపుతుంది. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు లోనైతే ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. మేం 72 పట్టుకుని కూర్చుంటే, 48 లక్షల 25 వేల విలువ మీద బ్యాంకు ఇచ్చేది 38 లక్షల 60 వేలు. మిగతా 33 లక్షల పైచిలుకు, రిజిస్ట్రేషన్ ఖర్చు విడిగా, చేతిలోంచి తెచ్చేవాళ్లు మా వీధికి రారు.

పిన్నిగారు చెప్పిన ఎనిమిదిన్నరని, వేల్యూయరు రిపోర్టుని పక్కపక్కన పెట్టుకుని 54 అడిగాం. రిపోర్టు కాపీ వచ్చినవాళ్లందరికీ చూపించాం, మెట్ల కింద తుప్పు కూడా మేమే చూపించాం. ఐదో వారంలో 50కి కుదిరింది. కొన్నవాళ్లది మెడికల్ కాలేజీలో ఉద్యోగం, బ్యాంకు వేల్యూయరు వచ్చి 49 వేశాడు. ఉమ్మడి గోడ గురించి పక్కింటివాళ్లతో ఒక ఒప్పంద పత్రం రాయించి దస్తావేజుతో కలిపి ఇచ్చాం. డబ్బంతా బ్యాంకులోనే పడింది. ఆ రాత్రి అమ్మ తొమ్మిదికే పడుకుంది.