వంతెన దాటిన నూడుల్స్ కోసం మెంగ్జీ దాకా

చైనాలోని యున్నాన్ రాష్ట్ర రాజధాని కున్మింగ్‌లో 'వంతెన దాటిన నూడుల్స్' తిని "ఇంతేనా!" అని పెదవి విరిచేవాళ్లు యున్నాన్ దక్షిణాన ఉన్న మెంగ్జీకి ఒకసారి వెళ్లిరావాలి. 2022 డిసెంబరులో హైస్పీడ్ రైలు మార్గం మొదలయ్యాక ప్రయాణం సులువైంది. కున్మింగ్ పెద్ద హోటళ్లలో బల్ల నిండా చిన్న ప్లేట్లు పరుస్తారు, ఫొటోకి బాగుంటుంది. రుచి మాత్రం మెంగ్జీలో పొద్దున్నే తెరిచే మామూలు కొట్లదే.

మన ముందు పెద్ద గిన్నె పెడతారు. ఆవిరి కనిపించదు కదా అని చెంచా నోట్లో పెట్టుకుంటే నాలుక కాలడం ఖాయం. పైన పసుపుపచ్చగా తేలే కోడి కొవ్వు వేడిని బయటికి పోనివ్వదు. ముందు పిట్ట గుడ్డు కొట్టి వేయాలి. తర్వాత కాగితమంత పల్చగా కోసిన పచ్చి మాంసం ముక్కలు వేస్తే చూస్తుండగానే తెల్లబడతాయి. ఆపైన ఆకుకూరలు, చివర్లో మన ఇడియాప్పంలా మెత్తగా ఉండే బియ్యపు నూడుల్స్. మెంగ్జీలో చామంతి రేకులు కూడా చల్లుతారు. చామంతి తినడమేంటి అనుకున్నాను గానీ, ఆ జిడ్డు పులుసులో ఆ కాస్త చేదు భలే కుదిరింది.

ఈ పేరు వెనకున్న కథ ఊళ్లోని నాన్‌హు సరస్సుది. రాజోద్యోగ పరీక్షల కోసం ఒకాయన సరస్సు మధ్య దీవిలో కూర్చుని చదివేవాడట. భార్య వంతెన దాటి అన్నం తెచ్చేలోపు చల్లారిపోయేది. ఒకరోజు కోడి పులుసు మాత్రం వేడిగా ఉండటం చూసి, అప్పటినుంచి పులుసు వేరుగా, నూడుల్స్ వేరుగా తెచ్చి అక్కడే కలిపి పెట్టేదట. పక్కనున్న జియన్‌షుయ్ వాళ్లు ఈ వంటకం తమదేనంటారు. నా ఓటు మాత్రం సరస్సు ఎదురుగా కనిపిస్తున్న మెంగ్జీకే.

పుస్తకం వదలని పండితులు ఈ ఊరికి కొత్త కాదు. 1938లో జపాన్‌తో యుద్ధం వల్ల తరలివచ్చిన విశ్వవిద్యాలయంలో ఒక భాగం కొన్ని నెలలు ఇక్కడే నడిచింది. అందులో పాఠాలు చెప్పిన కవి వెన్ యిదువో మేడ దిగకుండా చదువుకుంటుంటే, తోటివాళ్లు "ఒక్కసారి కిందికి దిగితే ఏం పోతుందయ్యా" అనే అర్థం వచ్చే పేరు పెట్టి ఆటపట్టించారు.

బస విషయానికొస్తే, సరస్సు దగ్గర నేను దిగిన హోటల్లో గది శుభ్రంగానే ఉంది. కాకపోతే కౌంటర్‌లో భారతీయ పాస్‌పోర్ట్ వివరాలు ఎక్కించడానికి చాలాసేపు తంటాలు పడ్డారు. అలిసిపోయి వెళ్తే అదో టెన్షన్. డబ్బులు కట్టడానికి ఫోన్‌లో అలీపే యాప్ పెట్టుకుంటే చాలు. 1910లో పూర్తయిన వియత్నాం రైలు మార్గం మీది పసుపు గోడల బిసెజాయ్ స్టేషన్ చూసి రావడానికి ఒక పూట చాలు.

శాకాహారులకు ఈ నూడుల్స్ కుదరవు. పులుసే కోడి, పంది ఎముకలతో కాస్తారు. వాళ్లు జియన్‌షుయ్ వెళ్లడం మేలు. పాత ఊళ్లో బొగ్గుల మీద చిన్న చిన్న టోఫు ముక్కలు కాలుస్తుంటారు. చుట్టూ కూర్చుని తింటుంటే, మనం తిన్న ముక్కకొకటి చొప్పున అమ్మే ఆవిడ మొక్కజొన్న గింజ పక్కన పెట్టి లెక్క చూస్తుంది. మాటలు రాకపోయినా బేరం దగ్గర ఏ పేచీ ఉండదు.