తాతయ్య తుపాకీ బాగుచేయించి నాలుగేళ్లు: ఏది నిలిచింది, ఏది ఊడింది

2021 వానాకాలంలో మా తాతయ్య డబుల్ బ్యారెల్ తుపాకీని పాతబస్తీలో ఒక ఉస్తాద్ దగ్గర బాగుచేయించాను. పన్నెండు బోరు (గొట్టం సైజు అది), బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ అండ్ స్కాట్ వాళ్లు చేసింది. తాతయ్య దాన్ని పట్టుకుని ఖానాపూర్ వైపు అడవుల్లో తిరిగేవాడట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట మానేశాడు, తుపాకీ బీరువాలోకి చేరింది. నాన్న ఏటా దసరాకి తీసి, ఆయుధపూజలో పెట్టి, కొబ్బరినూనె రాసి మళ్లీ లోపల పెట్టేవాడు.

ఆ కొబ్బరినూనే కొంప ముంచింది. డిసెంబరులో సీసాలో నూనె గడ్డకడుతుంది కదా, తుపాకీ లోపలా అదే జరిగింది. ఏళ్ల తరబడి దుమ్ముతో కలిసి జిగురైపోయింది. కుడి ట్రిగ్గర్ నొక్కగానే పడేది, ఎడమది కాసేపు ఆలోచించుకుని పడేది. ఉస్తాద్ విప్పి వాసన చూసి, "దీన్ని వంటింట్లో పెట్టారా సార్?" అన్నాడు. విరిగింది ఏమీ లేదు. కడిగి, తుడిచి, రెండు చుక్కల గన్ ఆయిల్ వేశాడు. ఈ నాలుగేళ్లలో ఆ భాగం మళ్లీ విప్పాల్సిన పని పడలేదు.

నిజానికి నేను మొదట వెళ్లింది ఉస్తాద్ దగ్గరికి కాదు. ఇంకో దుకాణంలో కర్ర పని చేయించాను. అక్రోటు కర్రని గీకి, అద్దంలా మెరిసే వార్నిష్ పూశారు. ఇంటికి తెచ్చిన రోజు అందరూ మెచ్చుకున్నారు, నేనూ మురిసిపోయాను. రెండో ఎండాకాలానికి చెయ్యి పట్టుకునే చోట పొరలు పొరలుగా లేచిపోయింది. అంతకన్నా బాధ, ఇసుక కాగితంతో రుద్దిన రుద్దుడికి పిడి మీద చెక్కిన సన్నగీతలు సగం అరిగిపోయాయి. అవి తిరిగిరావు. ఆ వార్నిష్ అంతా తీసేసి, ఉడికించిన అవిసె నూనె అరచేత్తో పల్చగా రుద్దుతూ పోయాను, రోజుకో పూత, మూడు వారాలు. ఇప్పటికీ ఆ పూతే ఉంది, గీత పడితే మళ్లీ ఓ చుక్క రుద్దుతాను. ఆ నూనె గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూల పడెయ్యకండి, వాటంతటవే అంటుకుంటాయి. నేను నీళ్ల బకెట్లో ముంచేవాణ్ని.

గొట్టాలకి నల్లరంగు తెప్పించే దగ్గర కూడా అదే దుకాణం తొందరపడింది, వేడి మందు (రసాయనం) తొట్టిలో ముంచి గంటలో ఇచ్చేస్తామంది. ఉస్తాద్ వద్దన్నాడు. జంట గొట్టాల మధ్య పట్టీని టంకంతో అతికిస్తారు, ఆ మందు టంకాన్ని తినేస్తుంది. ఆయన పాత పద్ధతిలో చేశాడు: మందు పూసి తుప్పు పట్టనివ్వడం, నీళ్లలో మరగబెట్టడం, ఉక్కు పీచుతో రుద్దడం, మళ్లీ మొదటినుంచి. గాలిలో తేమ ఉంటే బాగా కుదురుతుందని వానలు పడేదాకా ఆగమన్నాడు. జీవితంలో మొదటిసారి తుప్పు కోసం వాన ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను! మెరుపు లేని ఆ నలుపు ఇంతవరకూ చెదరలేదు.

కాల్చడం సంగతి. గొట్టాల అడుగున ప్రూఫ్ హౌస్ (తుపాకులు పరీక్షించే చోటు) ముద్రలున్నాయి, చాంబర్, అంటే తూటా కూర్చునే గది, పొడవు 2½ అంగుళాలు, తూటాల లెక్కలో 65 మిల్లీమీటర్ల రకం. ఇప్పుడు ఎక్కువగా దొరికే తూటాలు 70వి. మూతి మడిచి ఉంటుంది కాబట్టి హాయిగా లోపలికి దూరుతాయి, మోసం అక్కడే ఉంది. పేలాక ఆ మూతి విచ్చుకోవడానికి చోటుండదు, ఒత్తిడి పెరిగిపోతుంది. చాంబర్ తొలిచి పొడవు చెయ్యమంటే ఉస్తాద్ ఒప్పుకోలేదు, ఎడమ గొట్టంలో ఇప్పటికే తుప్పు గుంటలున్నాయి, ఇంకా పల్చబడుతుందని. ఆ గుంటల్నీ పాలిష్ చెయ్యలేదు. అందుకే ఈ నాలుగేళ్లలో నేను కాల్చింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాల్చుకోవడానికే కావాలనుకునేవాళ్లకి నా సలహా, ఈ ఖర్చు పెట్టకండి.

కాగితాల గురించి ఒక్క మాట. నాన్న పోయాక వారసుడిగా లైసెన్స్ నా పేరు మీదకి వచ్చేదాకా తుపాకీ ఏ దుకాణం మెట్టూ ఎక్కలేదు, ఎక్కకూడదు కూడా. ఎన్నికలొస్తే తుపాకీని పోలీసులు డిపాజిట్ చెయ్యమంటారు. 2023 అసెంబ్లీ ఎన్నికలప్పుడు తాతయ్య తోలు సంచీతో సహా ఇచ్చేశాను. తిరిగొచ్చేసరికి గొట్టం మీద ఎర్రటి చుక్కలు. తప్పు నాదే, తోలు తేమని పీల్చి పట్టుకుంటుంది. 2024 లోక్‌సభ ఎన్నికలకి సంచీ తీసేసి, నూనె గుడ్డతో తుడిచి ఇచ్చాను, ఒక్క చుక్క రాలేదు. ఇప్పుడు ఆ సంచీలో పాత ఫొటోలు పెట్టాం.

మొన్న దసరాకి పూజలో పెడుతుంటే అమ్మ అలవాటుగా కొబ్బరినూనె గిన్నె తెచ్చింది. గిన్నె వెనక్కి పంపించాను. కుంకుమ బొట్టు మాత్రం కర్ర మీద పెడతానంటే కాదనలేకపోయాను. అవిసె నూనె పూత దాన్ని పీల్చేసింది, ఎంత తుడిచినా పోవట్లేదు.