పాత ఫిల్మ్ లెన్సులకు ఏ డిజిటల్ బాడీ మేలు?

"అన్నా, మా నాన్నగారి నికాన్ ఫిల్మ్ కెమెరా ఎఫ్‌ఎం10 బీరువాలో ఉంది. 50 లెన్సు చెక్కుచెదరలేదు. డిజిటల్‌కి మారదామనుకుంటున్నా, ఏ బాడీ తీసుకోమంటావు?" ఈ ఏడాది కెమెరా పేరు మార్చి ఇదే ప్రశ్న పదిమందైనా అడిగి ఉంటారు. ఒక్కొక్కరికీ ఫోన్లో అరగంట చెప్పేకంటే ఒకచోట రాసిపెట్టడం నయమనిపించింది. పైగా నేనూ ఈమధ్యే మారాను. నాది నికాన్ ఎఫ్‌ఎం2. దానికి మూడు లెన్సులు: 28 ఎఫ్/2.8, 50 ఎఫ్/1.8, 105 ఎఫ్/2.5. ముందరి అంకె మిల్లీమీటర్లలో ఫోకల్ లెంత్, అది తగ్గేకొద్దీ ఎక్కువ దృశ్యం పడుతుంది. ఎఫ్/ పక్కది ఎపర్చర్, అంటే వెలుగు వచ్చే రంధ్రం. ఆ అంకె తగ్గితే రంధ్రం పెద్దదని. మా ఊళ్ళో రీలు కడిగే చివరి ల్యాబ్ మూసేశాక, రోల్స్ కొరియర్‌లో పంపి రెండేసి వారాలు ఎదురుచూడడం నా వల్ల కాలేదు.

ముందుగా మెగాపిక్సెళ్ళ లెక్క పక్కన పెట్టేయండి. 24 మెగాపిక్సెళ్ళ ఫైలును 12×18 సైజులో ప్రింటు వేస్తే అంగుళానికి 333 చుక్కలు పడతాయి. ఇంట్లో గోడకు అంతకంటే ఏం కావాలి?

నా లెక్కలో తేల్చేది ఒక్కటే. చేత్తో తిప్పే ఆ లెన్సుతో ఫోకస్ ఎక్కడ పడిందో మీ కంటికి తెలుస్తుందా? ఫిల్మ్ కెమెరాలో ఈ ప్రశ్నే లేదు. వ్యూఫైండర్ నడుమ స్ప్లిట్ ఇమేజ్ ఉండేది, విడిపోయిన గీత కలిస్తే ఫోకస్ కుదిరినట్టే. ఆటోఫోకస్ వచ్చాక దాని అవసరం తీరిపోయింది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో (అద్దం ద్వారా చూసే డిజిటల్ కెమెరాలో) ఉండే స్క్రీన్‌ను, కెమెరాతో పాటు వచ్చే కిట్ జూము లెన్సులతో కూడా వెలుతురుగా కనబడేలా తయారుచేశారు. అందులోంచి చూస్తే ఎఫ్/1.8 లెన్సు కూడా దాదాపు ఎఫ్/2.8లా కనిపిస్తుంది. అంటే ఫోటోలో మసకగా రాబోయేది కూడా కంటికి స్పష్టంగానే ఉంటుంది.

కొనే ముందు ఒక స్నేహితుడి డీఎస్‌ఎల్‌ఆర్ నెల రోజులు వాడి చూశాను. మా అమ్మమ్మ వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే 50తో, ఎఫ్/2 దగ్గర పన్నెండు ఫోటోలు తీశాను. కంప్యూటర్లో పెద్దవి చేసి చూస్తే కళ్ళు సరిగ్గా వచ్చినవి రెండు. మిగతావాటిలో చెవి దుద్దులో, ముక్కుపుడకో స్పష్టంగా ఉంది, కళ్ళు మాత్రం మసక. ఫోకస్ కుదిరిందని చెప్పే ఆకుపచ్చ చుక్కను నమ్మాను. కొంచెం అటూ ఇటూ అయినా ఆ చుక్క వెలుగుతూనే ఉంటుందని తర్వాత అర్థమైంది. అదే లెన్సు ఎఫ్‌ఎం2 మీద నన్నెప్పుడూ ఇలా ఇబ్బంది పెట్టలేదు.

అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలో వ్యూఫైండర్ చూపించేది సెన్సర్ మీద పడిన బొమ్మనే. ఒక బటన్ నొక్కితే కనురెప్ప వెంట్రుకలు కనిపించేంత పెద్దదవుతుంది. స్ప్లిట్ ఇమేజ్ పోయాక దానికి సాటి వచ్చింది నాకు ఇదొక్కటే. ఫోకస్ పడిన అంచులకు రంగు వేసి చూపించే పీకింగ్‌ను మాత్రం ఎఫ్/2 దగ్గర నమ్మకండి, ముక్కు నుంచి చెవి దాకా అంతా రంగే కనబడుతుంది. 28 లెన్సుతో ఎఫ్/8 పెట్టుకుని వీధిలో తిరిగేటప్పుడు అది బాగా పనికొస్తుంది.

ఒక అలవాటు మార్చుకోవాలి. మామూలు కెమెరాలో మీరు ఎఫ్/8 పెట్టినా, క్లిక్ చేసేదాకా ఎపర్చర్ తెరిచే ఉంటుంది. పాత లెన్సును వేరే బాడీకి కలిపే అడాప్టర్ మీద అలా కాదు, రింగు తిప్పగానే మూసుకుపోతుంది. అందుకని ముందు పూర్తిగా తెరిచి ఫోకస్ చేసుకుని, తర్వాత కావలసిన నంబరుకు మూయాలి. మొదటి వారం చిరాకు పుడుతుంది. కానీ దీంతో ఒక లాభం ఉంది. పాత లెన్సుల్లో ఎపర్చర్ రేకులకు నూనె పట్టి నెమ్మదిస్తాయి. డీఎస్‌ఎల్‌ఆర్ మీద అవి సమయానికి మూసుకోక ఫోటో తెల్లబోతుంది. అడాప్టర్ మీద రేకులు ముందే మూసుకుని ఉంటాయి కాబట్టి ఆ బాధ ఉండదు.

ఇక అడాప్టర్ దేనికి కుదురుతుందనేది కొలతల విషయం. పాత నికాన్ కెమెరాల ఎఫ్ మౌంట్‌లో (మౌంట్ అంటే లెన్సు బాడీకి బిగే చోటు) లెన్సు అంచు నుంచి ఫిల్మ్‌కు 46.5 మిల్లీమీటర్లు. మిర్రర్‌లెస్ మౌంట్లలో నికాన్ జడ్‌కు 16, సోనీ 'ఈ' (E)కి 18. మిగిలిన దూరాన్ని ఒక బోలు గొట్టం పూడుస్తుంది, మధ్యలో గాజు అక్కర్లేదు. కానన్ ఏఈ-1 ఉన్నవాళ్ళు ఇక్కడ జాగ్రత్త. వాళ్ళ ఎఫ్‌డీ మౌంట్ 42 మిల్లీమీటర్లు, 1987లో వచ్చిన ఈఎఫ్ మౌంట్ 44. దూరం తగ్గించడం కుదరదు కాబట్టి కానన్ డీఎస్‌ఎల్‌ఆర్ మీద ఎఫ్‌డీ లెన్సు, మధ్యలో అదనపు గాజు లేకుండా, దూరపు కొండను ఫోకస్ చేయలేదు. కంపెనీ పేరు ఒకటే కదా అని కొనేయకండి. ఎఫ్‌డీ ఉంటే మిర్రర్‌లెస్ తప్ప దారి లేదు. ఈఎఫ్ లెన్సులు ఉంటే ఏ ఇబ్బందీ లేదు, అవి డీఎస్‌ఎల్‌ఆర్ మీద నేరుగా, కొత్త ఆర్‌ఎఫ్ మిర్రర్‌లెస్ బాడీల మీద అడాప్టర్‌తో, ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి.

అలాగని డీఎస్‌ఎల్‌ఆర్‌ను తీసిపారేయలేను. మీ దగ్గర ఉన్నవి నికాన్ ఎఫ్80, ఎఫ్100 కాలం నాటి ఏఎఫ్-డీ ఆటోఫోకస్ లెన్సులైతే, నా సలహా నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లు డీ610 లేదా డీ750. ఆ లెన్సుల్లో మోటారు ఉండదు, బాడీలోని మోటారే తిప్పాలి. నికాన్ ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌లో ఆ మోటారు లేదు, జడ్ బాడీ మీద అవన్నీ చేత్తో తిప్పాల్సినవే అవుతాయి. డీ3000, డీ5000 వరుసల్లోనూ మోటారు లేదు, చేత్తో తిప్పే ఏఐ లెన్సు (1977 నుంచి వచ్చిన నికాన్ రకం) పెడితే వెలుగు కొలిచే మీటర్ కూడా పలకదు. డీ7500లో మోటారు ఉన్నా ఏఐ లెన్సులకు మీటర్ లేదు, దానికంటే పాతదైన డీ7200లో రెండూ ఉన్నాయి. 1977కి ముందరి, ఏఐ మార్పు చేయించని లెన్సులను మాత్రం డీ610, డీ750, డీ7200 లాంటి బాడీలకు బిగించకండి, అంచున ఉన్న చిన్న మీట విరగొచ్చు.

నేను చివరికి సెకండ్‌హ్యాండ్‌లో నికాన్ మిర్రర్‌లెస్ జడ్5 తీసుకున్నాను. దానికీ, సోనీ ఏ7 రెండో మోడల్‌కీ మధ్య చాలా రోజులు ఊగాను. రెండూ ఫుల్‌ఫ్రేమ్ (సెన్సర్ ఫిల్మ్ ఫ్రేమంత ఉంటుంది), రెండూ 24 మెగాపిక్సెళ్ళు, రెండింటిలోనూ సెన్సరే కదిలి చేతి వణుకును సర్దుతుంది. నన్ను జడ్5 వైపు తిప్పింది వ్యూఫైండర్. అందులో దాదాపు 37 లక్షల చుక్కలు, సోనీలో సుమారు 24 లక్షలు. కంటితో ఫోకస్ చేసేవాడికి ఆ తేడా రోజూ తెలుస్తుంది. డబ్బుకు వెనకాడకపోతే 2023లో వచ్చిన జడ్ఎఫ్ ఇంకా మేలు. చేత్తో తిప్పే లెన్సు పెట్టినా మనిషి కన్ను ఎక్కడుందో పట్టి, అక్కడికే పెద్దది చేసి చూపిస్తుంది. జడ్ఎఫ్‌సీ కూడా చూడ్డానికి ఎఫ్‌ఎం2లాగే ఉంటుంది కానీ దాని సెన్సర్ చిన్నది. నా 28 దాని మీద 42లా అయిపోతుంది. ఇరుకు ఇంట్లో నలుగురిని ఒక ఫ్రేములో పెట్టే లెన్సు పోయినట్టే కదా, అందుకే వద్దనుకున్నాను. పరిగెత్తే పిల్లల కోసం కొత్తగా 40 ఎఫ్/2 ఆటోఫోకస్ లెన్సు ఒకటి కొన్నాను. మిగతా పనంతా పాత మూడింటితోనే.

పెంటాక్స్ కే1000 ఫిల్మ్ కెమెరా ఉన్నవాళ్ళకు ఆ కంపెనీదే డీఎస్‌ఎల్‌ఆర్ కే-1 ఉంది. పాత లెన్సులు అడాప్టర్ లేకుండా నేరుగా ఎక్కుతాయి, ఆకుపచ్చ బటన్ నొక్కితే మీటరింగ్ అవుతుంది. మన షాపుల్లో మాత్రం అరుదు. ఫ్యూజీ రంగులు నాకిష్టమే, కానీ వాళ్ళ ఎక్స్ వరుసలోనూ సెన్సర్ చిన్నదే. ఇంకా చిన్న సెన్సర్ ఉండే మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాల్లో 50 కాస్తా 100 అవుతుంది, పాత లెన్సుల కోసం దాన్ని ఎంచుకోవద్దు.

ఏది కొన్నా మొదటి నెలలో ఎక్స్‌పోజర్ తప్పుతుంది. కలర్ నెగటివ్‌కు వెలుగు ఒక స్టాప్, అంటే రెట్టింపు, ఎక్కువైనా ఫర్వాలేదు, సెన్సర్‌లో తెల్లబోయిన పంచె మడతలు మళ్ళీ రావు. స్లైడ్ ఫిల్మ్ వాడినవాళ్ళకు ఇది అలవాటే.

బాడీకి డబ్బు కట్టే ముందు ఒక పని చేయండి. బీరువాలోంచి లెన్సు తీసి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చ్ వేసి చూడండి. కోస్తా ఊళ్ళలో, తోలు కవర్లో ఏళ్ళతరబడి ఉన్న లెన్సుకు సాలెగూడు దారాల్లా బూజు పట్టి ఉండొచ్చు. అంచున కొద్దిగా ఉంటే ఫోటోలో తెలియదు. నడుమ గాజు అంతా అల్లుకుని ఉంటే శుభ్రం చేయించే ఖర్చు, అదే లెన్సు మంచిది సెకండ్‌హ్యాండ్‌లో దొరికే ధర రెండూ కనుక్కుని, అప్పుడు బాడీ గురించి నాకు ఫోన్ చేయండి.