సర్కారు సురక్ష క్లినిక్: మందుకు అయిదు స్టార్లు, కౌంటరుకు ఒక్కటే

నేను డీసీఎం నడుపుత. సీజన్ల ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలేసుకొని గుంటూరు, నాగపూర్ దాంక పోతుంట. నా పేరు రాయను, దవాఖాన పేరు కూడ రాయను. మా దిక్కు సర్కారు దవాఖాన అనుకోండ్రి.

మూత్రం పోస్తుంటే మంట. రెండో నాడు లుంగీకి చీము మరక. తోటి డ్రైవర్లందరిదీ ఒకటే మాట: "ఇంజను పక్కన కూసుంటవు గద, వేడి చేసింది." సబ్జా గింజలు తాగిన, బార్లీ నీళ్లు తాగిన. తర్వాత ఒక ఆర్‌ఎంపీ దగ్గర మూడు సూదులు, పద్దెనిమిది వందలు. ఏం సూదో చీటీ లేదు. నాలుగు రోజులు తగ్గి మళ్ల మొదలు. అప్పుడు హెచ్‌ఐవీ, సుఖరోగాల సంగతి చెప్పే సర్కారు నంబరు 1097కు ఫోన్ చేసిన, పైసలు పడవు. పేరు అడగలే. సర్కారు దవాఖానల సుఖరోగాలు చూసే సురక్ష క్లినిక్‌కు పొమ్మన్నరు.

ముందు తిట్టేది తిడత. ఓపీ చీటీ రాసేటాయన "ఏం బాధ?" అని మైకుల అడిగినట్టు అడిగిండు. ఎనక ఇరవై మంది, అండ్ల మా వాడకట్టు ముసలామె ఒకామె. "కడుపునొప్పి" అన్న. గంటసేపు వేరే డాక్టరు లైన్ల నిలబడి, ఆయన చెవుల అసలు సంగతి చెప్తే ఇంకో చీటీ రాసి పంపిండు. మీరు పోతే కౌంటర్ల "చర్మవ్యాధులు" అనుండ్రి, నేను పోయిన కాడ అదీ, సురక్ష క్లినిక్కూ ఒకటే వరండా.

లోపల కౌన్సిలర్ మేడం తలుపు దగ్గరికేసి మాట్లాడింది. ఎవరి దగ్గరికి పోయినవని మొఖం చిట్లించలే. డాక్టరు చూసినంక బూడిద రంగు డబ్బా ఇచ్చిండ్రు. అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు. "ఇక్కడనే మింగు" అని గ్లాసు నీళ్లిచ్చింది. ఒక్కసారి మింగుడే, అయిపాయె. రూపాయి తీసుకోలే. బస్తాల మీద మార్కా లెక్క వీళ్లకు డబ్బాల రంగులు: పుండుకు తెల్లది, హెర్పిస్ పొక్కులకు ఎర్రది, ఆడోళ్ల పొత్తికడుపు నొప్పికి పసుపుది.

తర్వాత చెక్క బొమ్మ ముంగట పెట్టి "నిరోధ్ తొడిగి చూపెట్టు" అన్నది. ఇద్దరు పిల్లల తండ్రిని, నాకు రాదా! తొడిగిన. "కొస ఒత్తి పట్టలే, గాలి చేరింది, పలుగుతది" అన్నది. "యాడ పెడతవ్?" అంటే డ్యాష్‌బోర్డుల అన్న. ఎండాకాలం మా క్యాబిన్ల చార్జర్ వైరే మెత్తబడ్తది. ఆ వేడికి రబ్బరు ఖరాబైతదట, కొబ్బరినూనె రాసినా పలుగుతదట. జాగ్రత్తగనే ఉన్న అనుకున్న ఇన్నేండ్లు.

రక్తం తీసే ముందు సంతకం అడిగిండ్రు. 2017 చట్టం ప్రకారం మనం ఒప్పుకోకుంట హెచ్‌ఐవీ పరీక్ష చెయ్యొద్దట. సవాయి రోగానికి, అంటే సిఫిలిస్‌కు కూడ అదే రక్తం. రెండిట్ల ఏం లేదని రిపోర్టు నా చేతికే ఇచ్చిండ్రు. కొత్తగ అంటితే హెచ్‌ఐవీ వెంటనే కనవడదు, మూడు నెలలకు మళ్ల రమ్మన్నరు.

ఇగ అసలు కష్టం. "మీ ఆమెను తీస్కరా." ఆమెకేం బాధ లేదంటే, ఆడోళ్లల చానామందికి ఏ గుర్తూ కనవడదు, లోపలే ముదిరితే పిల్లలు పుట్టుడు కష్టమైతది, ఆమెకు మందియ్యకుంటే నీకు మళ్ల అంటుతది అన్నది. మూడు దినాలు నోరు పెగల్లే. చెప్పిన రాత్రి నుంచి రెండు దినాలు మా ఆమె మాట్లాడలే. మూడో నాడు పొద్దుగాల్నే చీర కట్టుకొని "పా" అన్నది.

క్లినిక్ ముంగట బెంచీ నడిమి వరండల ఉన్నది, నెత్తిమీద పెద్ద బోర్డు. మా ఆమె మొత్తంసేపు కొంగు మొఖానికి అడ్డం పెట్టుకొనే కూసున్నది. ఆ బోర్డు కింద ఒక పరదా కట్టిస్తే ఏం పోతదో! మేడం ఆమెతోని ఒక్కదానితోనే అర్ధగంట మాట్లాడింది. ఏం మాట్లాడిండ్రో నేను అడగలే. కడుపుతోని ఉన్నవా అని అడిగి, నాకిచ్చిన డబ్బానే ఇచ్చిండ్రు. ఇద్దరం ఏడు దినాలు కలవొద్దన్నరు. ఆ మాట నాకు చెప్పే అవసరం లేకుండె.

నిరోధ్ ప్యాకెట్ ఇప్పుడు డ్యాష్‌బోర్డుల లేదు, సల్లగ ఉంటదని సద్ది సంచిల అడుగుకు పెట్టిన. ఆ సంచి సర్దేది మా ఆమెనే. ప్యాకెట్ తీస్తది, చూస్తది, మళ్ల అడుగుకే పెడ్తది.