హామ్‌టారో రన్‌కి ఏది మేలు: ఎస్పీనా, డీఎస్ లైటా, గేమ్‌బాయ్ ప్లేయరా, ఎమ్యులేటరా?

"అన్నా, హామ్-హామ్ గేమ్స్ రన్ మొదలుపెడదామనుకుంటున్నా. ఎస్పీ కొననా, డీఎస్ లైట్ కొననా, లేక ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ సరిపోతుందా?" రన్ అంటే ఆటను వీలైనంత తక్కువ సమయంలో పూర్తిచేయడం. ఎస్పీ (గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీ), డీఎస్ లైట్ రెండూ నింటెండో చేతి మిషన్లు, ఎమ్యులేటర్ అంటే అలాంటి మిషన్‌ని కంప్యూటర్‌లో అనుకరించే సాఫ్ట్‌వేర్. రెండు నెలలుగా ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది. సంక్రాంతి సెలవుల్లో నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది. నాలుగింటి మీదా ఆడి చూశాకే ఒకటి ఎంచుకున్నాను కాబట్టి ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకేచోట రాస్తున్నాను.

ముందు ఈ ఆట, 'హామ్‌టారో: హామ్-హామ్ గేమ్స్' గురించి ఒక మాట. పిల్లల కార్టూన్ పేరు పెట్టుకున్న మినీగేమ్‌ల మూట కదా అని చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. 2004లో, ఏథెన్స్ ఒలింపిక్స్ జరిగిన ఏడాదే, నింటెండో దీన్ని గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి (జీబీఏ) తెచ్చింది. చేసింది ఆల్ఫాడ్రీమ్, అంటే 'మారియో అండ్ లుయీజీ: సూపర్‌స్టార్ సాగా' చేసినవాళ్లే. 2019లో ఆ సంస్థ మూతపడింది. బటన్ నొక్కితే బొమ్మ స్పందించే తీరులో ఆ చేతివాటం ఇక్కడా కనిపిస్తుంది. అందుకే ఈ ఆటను శ్రద్ధగా పరుగెత్తించాలని నా పట్టుదల.

మిషన్ ఎంపిక మామూలు ప్లాట్‌ఫార్మర్‌లో (దూకుతూ ముందుకెళ్లే ఆటలో) కంటే ఇక్కడ ఎక్కువ ముఖ్యం. ప్లాట్‌ఫార్మర్‌లో ఒకచోట అర సెకను పోతే ముందున్న దారిలో ఎక్కడో రాబట్టుకోవచ్చు. చేతికి ఒకే పని, ఒకే లయ. మినీగేమ్‌ల మూటలో అలా కుదరదు. ఒకచోట బటన్‌ని దడదడా దంచాలి. మరోచోట ఊపిరి బిగబట్టి సరిగ్గా ఆ క్షణానికే ఒక్కసారి నొక్కాలి. పోటీ మారిన ప్రతిసారీ చేయి కొత్త లయలోకి మారాలి, అదీ నిమిషాల వ్యవధిలో. అలాంటప్పుడు నన్ను అడిగితే తేల్చేది ఒక్కటే: వేలు నొక్కిన క్షణానికీ తెర మీద అది కనిపించే క్షణానికీ మధ్య ఎంత ఆలస్యం ఉంది, ఆ ఆలస్యం రోజూ ఒకేలా ఉంటుందా లేదా. ధర, తెర అందం, రికార్డింగ్ సౌకర్యం అన్నీ దీని తర్వాతే.

లెక్క చూడండి. జీబీఏ సెకనుకి 59.7275 ఫ్రేమ్‌లు చూపిస్తుంది, అంటే ఒక్కో ఫ్రేమ్ సుమారు 16.74 మిల్లీసెకన్లు. నేను వాడిన ల్యాప్‌టాప్‌లో కంట్రోలర్ యూఎస్‌బీ, ఎమ్యులేటర్, విండోస్ తెరని కూర్చే పద్ధతి, మానిటర్, ఇవన్నీ కలిసి హ్యాండ్‌హెల్డ్ కంటే మూడు నాలుగు ఫ్రేమ్‌ల ఆలస్యం అదనంగా తెచ్చిపెట్టాయి. నాలుగు ఫ్రేమ్‌లంటే 67 మిల్లీసెకన్లు. కంటికి తెలియదు కానీ చేతికి తెలుస్తుంది. మూడు వారాలు ల్యాప్‌టాప్ మీద సాధన చేసి హ్యాండ్‌హెల్డ్ పట్టుకున్న రోజు, క్షణానికి నొక్కాల్సిన ప్రతి పోటీలోనూ ముందే నొక్కేశాను. ఆలస్యాన్ని కలుపుకుని ముందుగా నొక్కడం చేతికి అలవాటైపోయింది, ఇక్కడేమో ఆ ఆలస్యం లేదు. మళ్లీ కుదురుకోవడానికి పదకొండు రోజులు పట్టింది. దంచే పోటీల్లో మాత్రం ఏ తేడా రాలేదు, ఎందుకంటే అక్కడ లెక్కకొచ్చేది ఎన్నిసార్లు నొక్కామన్నదే.

కాబట్టి ఎమ్యులేటర్ చెడ్డదని కాదు. సాధనకి దాన్ని మించింది లేదు. సేవ్ స్టేట్ (ఆటని ఏ క్షణంలోనైనా భద్రపరచి మళ్లీ అక్కడికే రావడం) పెట్టుకుని చేతకాని ఒక్క పోటీనే వందసార్లు ఆడొచ్చు. క్యాసెట్ మీదైతే ప్రతిసారీ అక్కడిదాకా నడిచి వెళ్లాలి. మీరు ఎమ్యులేటర్‌కే మొగ్గితే ఎంజీబీఏ అనేది వాడండి, పాత విజువల్‌బాయ్ ఎమ్యులేటర్ జోలికి పోకండి. దాని కచ్చితత్వం తక్కువ, చాలా గేమ్‌ల రన్ నియమాలు దాన్ని ఒప్పుకోవు కూడా. సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేట్ 59.7275 ఉందో లేదో చూసుకోండి. 60 ఉంటే ఆట దాదాపు అర శాతం వేగం పుంజుకుంటుంది. వినడానికి చిన్న సంగతే, కానీ గంట పాటు సాగే రన్ మీద అది 16 సెకన్లు. ఆ 16 సెకన్లు మీవి కావు, మానిటర్‌వి. మంచి రన్ పూర్తయ్యాక ఎవరో ఈ విషయం ఎత్తి చూపి దాన్ని పక్కన పెట్టేస్తే ఆ బాధ చెప్పలేం. టర్బో బటన్ ఉన్న కంట్రోలర్‌తో అసలు కూర్చోకండి. మీరు దాన్ని వాడకపోయినా అనుమానం మాత్రం మిగిలిపోతుంది.

ఇక గేమ్‌బాయ్ ప్లేయర్. నింటెండో టీవీ కన్సోల్ గేమ్‌క్యూబ్ అడుగున తగిలించే పెట్టె ఇది, 2003లో వచ్చింది. ఎమ్యులేషన్ కాదు, లోపల జీబీఏ హార్డ్‌వేరే ఉంటుంది. బొమ్మ టీవీకి వస్తుంది కాబట్టి రికార్డింగ్ బాధ తీరుతుంది. అయితే దానితో వచ్చే డిస్క్‌తో ఆడితే ఇన్‌పుట్ ల్యాగ్ చేతికి తెలిసిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు ఆ డిస్క్ పక్కన పెట్టి గేమ్‌బాయ్ ఇంటర్‌ఫేస్ అనే హోమ్‌బ్రూ (అభిమానులు సొంతంగా రాసిన) సాఫ్ట్‌వేర్ వాడతారు. అందులో ఆలస్యాన్ని బాగా తగ్గించిన వెర్షన్ కూడా ఉంది. పాత గాజు టీవీ మీద అది నడుస్తుంటే చూడ్డానికి చాలా బాగుంటుంది. మన ఇళ్లలో ఇబ్బందల్లా కరెంటు దగ్గరే. అమెరికా గేమ్‌క్యూబ్ అడాప్టర్ 120 వోల్టులది, జపాన్‌ది 100 వోల్టులది. దాన్ని మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. యూరప్ అడాప్టర్ అయితే ఈ గొడవ లేదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాళ్లకి ఇది సులువు, గుంటూరులో కూర్చుని గేమ్‌క్యూబ్, ప్లేయర్, హోమ్‌బ్రూ కోసం ఎస్‌డీ అడాప్టర్, ట్రాన్స్‌ఫార్మర్ అన్నీ జమచేసుకునేసరికి ఉత్సాహం సగం ఆవిరైపోతుంది. ఇంకో సంగతి, గేమ్‌క్యూబ్ కంట్రోలర్‌లో 'A' బటన్ పెద్దది, దంచడానికి హాయిగా ఉంటుంది. దాని డీ-ప్యాడ్ (దిక్కుల బటన్) మాత్రం బొటనవేలికి మరీ చిన్నది. కేబుల్ ఉంటే జీబీఏనే కంట్రోలర్‌గా తగిలించుకోవచ్చు.

అసలు పోటీ ఎస్పీకీ డీఎస్ లైట్‌కీ మధ్యే. రెండూ చేతిలో పట్టుకునేవే, రెండింట్లోనూ క్యాసెట్ నేరుగా నడుస్తుంది, ఆలస్యం విషయంలో రెండింటి మధ్య నా చేతికి తేడా తెలియలేదు.

ఎస్పీ అంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రేమ. మడత పెడితే జేబులో పడుతుంది. కొనేవాళ్లు అడుగున లేబుల్ చూడండి. ఏజీఎస్-001 అంటే ముందు నుంచి వెలుగు పడే పాత తెర, ఏజీఎస్-101 అంటే వెనక నుంచి వెలిగే మంచి తెర. లేబుల్ మార్చి అమ్మేవాళ్లూ ఉన్నారు కాబట్టి వెలుగు బటన్ నొక్కి చూడమనండి. 001లో అది వెలుగుని ఆర్పేస్తుంది, 101లో ఎక్కువ తక్కువ చేస్తుంది. పాత తెర మీద కదిలే బొమ్మ వెనక నీడలా చారలు వస్తాయి. క్షణానికి నొక్కాల్సిన చోట ఆ చారలు కళ్లను మోసం చేస్తాయి. తెర మార్పించుకునేవాళ్లు కొన్ని ఐపీఎస్ (కొత్త రకం తెర) కిట్లు సొంతంగా ఆలస్యం కలుపుతాయని గుర్తుంచుకోండి. ఇంతా చేసి ఎస్పీకి హెడ్‌ఫోన్ రంధ్రం లేదు, అడాప్టర్ కావాలి. శబ్దాన్ని కంప్యూటర్‌కి ఎక్కించాలంటే ఇది పెద్ద చికాకు.

డీఎస్ లైట్‌ని నేను ఎంచుకున్న కారణం దాని బరువు. ఎస్పీ 143 గ్రాములు, డీఎస్ లైట్ 218 గ్రాములు. చేతిలో పట్టుకుని ఆడితే ఈ తేడా డీఎస్‌కి లోటే. కానీ దంచే పోటీలు వచ్చినప్పుడు నేను మిషన్‌ని చేతిలో ఉంచను, బల్ల మీద పెడతాను. కింద రబ్బరు చాప, దాని మీద డీఎస్ లైట్ అడుగు భాగం సమంగా ఆనుతుంది. జీబీఏ బొమ్మ ఏ తెర మీద రావాలో సెట్టింగ్స్‌లో మనమే చెప్పొచ్చు, నేను పై తెర పెట్టుకున్నాను. అది ఎదురుగా నిలబడి ఉంటుంది. అప్పుడు చూపుడువేలూ మధ్యవేలూ మార్చి మార్చి ఒకే బటన్ మీద తబలా వాయించినట్టు కొట్టొచ్చు. మిషన్ జరగదు. ఎస్పీతోనూ ఇలాగే ప్రయత్నించాను. తేలికగా ఉండడం వల్ల పదో దెబ్బకే పక్కకి జారిపోతుంది, ఎడమచేత్తో అదిమి పట్టుకోవాలి. ఆ ఎడమచేయి తర్వాతి పోటీకి డీ-ప్యాడ్ మీదకి తిరిగి రావాలి కదా. ఆ ఒక్క కదలిక నాకు చాలాసార్లు తర్వాతి పోటీ ఆరంభాన్ని పాడుచేసింది.

రికార్డింగ్ సంగతి. ఈ రెండింటికీ వీడియో బయటకి రాదు, పైన స్టాండుకి ఫోన్ బిగించి తీయాల్సిందే. మొదట్లో ఇది లోటనుకున్నాను. ఇప్పుడు కాదు. తెరతో పాటు నా రెండు చేతులూ ఫ్రేమ్‌లో పడతాయి. దంచే పోటీలున్న ఆటలో ఎంత వేగంగా కొట్టానో చూసేవాళ్లకి కనిపించడం కంటే మంచి రుజువు ఏముంది? డీఎస్ లైట్‌కి హెడ్‌ఫోన్ రంధ్రం ఉంది కాబట్టి శబ్దం నేరుగా కంప్యూటర్‌కి వెళ్తుంది.

డీఎస్ లైట్ లోట్లు కూడా చెప్పాలి. తెర పెద్దదిలా కనిపిస్తుంది కానీ జీబీఏ బొమ్మ 240×160, డీఎస్ తెర 256×192. చుట్టూ నల్ల అంచు పోగా మిగిలే బొమ్మ ఎస్పీ కంటే పిసరంత చిన్నదే. క్యాసెట్ కింద నుంచి కాస్త బయటకి పొడుచుకొస్తుంది, బల్ల మీద పెట్టేటప్పుడు చేయి తగలకుండా చూసుకోవాలి. మిషన్‌ని ఆపి మళ్లీ మొదలుపెట్టాలంటే డీఎస్ మెనూ దాటి రావాలి, ఎస్పీ కంటే ఇక్కడ కొన్ని క్షణాలు ఎక్కువ. రోజుకి ముప్పైసార్లు రీసెట్ కొట్టేవాళ్లకి ఇది విసుగే. సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుంటే మడత దగ్గర కీలు పగిలిందేమో, భుజం బటన్లు పనిచేస్తున్నాయో లేదో అడిగి మరీ వీడియో తెప్పించుకోండి. డీఎస్ఐ కొనకండి, దానికి జీబీఏ స్లాటే లేదు.

మిగతావి క్లుప్తంగా. మొట్టమొదటి జీబీఏకి తెరలో వెలుగు లేదు. పెన్సిల్ బ్యాటరీలు ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయన్నది ఒక్కటే ఊరట. గేమ్‌బాయ్ మైక్రో బటన్లు బాగుంటాయి, తెర అగ్గిపెట్టెంత. అనలాగ్ పాకెట్ అనే కొత్త చేతి మిషన్ మంచి సరుకే, డాక్ పెడితే టీవీకి కూడా వస్తుంది. కానీ దాని ధరకి ఎన్ని డీఎస్ లైట్లు వస్తాయో చూసుకుని నిర్ణయించుకోండి.

ఏ మిషన్ తీసుకున్నా క్యాసెట్ అసలుదై ఉండాలి. నేను మొదట కొన్నది నకిలీది, నాలుగో రోజుకే సేవ్ పోయింది. అమ్మిన మనిషి ఫోన్ ఎత్తలేదు. వెనక స్టిక్కర్ అచ్చు, లోపలి బోర్డు అంచు మీద నింటెండో పేరు ఫోటోలో చూపించమని అడగండి, చూపించకపోతే వదిలేయండి. జీబీఏకి ప్రాంతం తాళం లేదు, 50 హెర్ట్జ్ బెడదా లేదు. జపాన్ క్యాసెట్టయినా అమెరికా క్యాసెట్టయినా ఏ దేశపు మిషన్ మీదైనా ఒకే వేగంతో నడుస్తుంది. ఆలస్యం మారకుండా సేవ్ స్టేట్ సాధన కావాలనుకునేవాళ్లకి ఈజీ ఫ్లాష్ ఒమేగా అనే ఫ్లాష్ క్యాసెట్ ఒక దారి. అది డీఎస్ లైట్‌లో కూడా పనిచేస్తుంది కాబట్టి చేతి లయ చెడదు. పోటీకి దిగినప్పుడు మాత్రం అసలు క్యాసెటే పెట్టండి.

ఒక తమ్ముడు ల్యాప్‌టాప్ తప్ప ఏమీ లేదు, ఆగాలా అని అడిగాడు. ఆగొద్దు తమ్ముడూ. ఈ రాత్రే మొదలుపెట్టు, ఫ్రేమ్ రేట్ సరిచూసుకో, ముందు దారీ మాటల పెట్టెలు దాటడమూ దంచే పోటీలూ నేర్చుకో. ఇవేవీ మిషన్ మారినా వృథా పోవు. క్షణానికి నొక్కే పోటీల్ని మాత్రం హ్యాండ్‌హెల్డ్ చేతికొచ్చేదాకా కదపకు. దంచడం రోజుకి ఇరవై నిమిషాలు మించనివ్వకు, మణికట్టు లాగితే ఆ రోజుకి అక్కడే ఆపెయ్.